కడిగిన బిళ్ళ

పొద్దున్నే షట్టరు పైకెత్తి, షాపు ఊడ్చి, బాయిలరు కింద మంట వెలిగించాక గంజిగారు చేసే మొదటి పని జేబులు తడమడం. ముందురోజు వచ్చిన మాసిన బట్టలన్నీ బల్ల మీద పోసుకుని, ఒక్కొక్క జేబునీ లోపలి గుడ్డ బయటికొచ్చేలా తిరగేస్తారు. దువ్వెనలు వస్తాయి, బస్సు టిక్కెట్లు వస్తాయి, సగం కొరికిన చాక్లెట్లు వస్తాయి. ఒకసారి కట్టుడు పళ్ళు కూడా వచ్చాయి. ఏది దొరికినా చిన్న కవరులో వేసి, బట్టకి ఏ నంబరు చీటీ కట్టారో అదే నంబరు కవరు మీద రాస్తారు. పరుల సొమ్ము పాము లాంటిదని ఆయన నమ్మకం. కట్టుడు పళ్ళవాడు వారం దాకా రాకపోతే ఈయనే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఆ వారం రోజులూ అతను ఏం తిన్నాడో గానీ, ఇంటికొచ్చిన పళ్ళు చూసి ఏడ్చినంత పని చేశాడట.

గంజిగారు అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ బజారులో ఆయనలాగా గంజి పెట్టగలిగినవాళ్ళు లేరన్నది ఒక కారణం. మనిషే గంజి పెట్టి ఆరేసినట్టుంటారన్నది రెండో కారణం. యాభై దాటినా నడుం వంగలేదు, మాట వంగలేదు. ఇచ్చిన వేళకి బట్ట ఇవ్వకపోవడం ఆయన ఎరగరు. పని రోజున షాపు మూయడం ఎరగరు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఇస్త్రీపెట్టె కాలుతోంది, తర్వాత మాట్లాడదాం" అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

జేబుల్లో దొరికేవాటిలో ఒక్కదాన్ని మాత్రం జనం వెనక్కి తీసుకోరు. పొరుగుదేశపు బిళ్ళలు. ఆ ఊరికి మూడు పక్కలా మూడు దేశాలున్నాయి. సరిహద్దుకి అటూ ఇటూ మాట ఒకటే, బిళ్ళలే వేరు. అటు వెళ్ళొచ్చినవాళ్ళ జేబుల్లో ఒకటో రెండో మిగిలిపోతాయి. ఇక్కడ చెల్లవు కాబట్టి "మీరే ఉంచుకోండి గంజిగారూ" అంటారు. అలా ఉంచుకుని ఉంచుకుని ఆయన దగ్గర పెద్ద ఆల్బమే తయారైంది.

పొరుగుదేశపు బిళ్ళ తన దేశపు వాతావరణాన్ని వెంట తెచ్చుకుంటుందని ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఇసుకదేశపు బిళ్ళ ఒకటి ఉప్పు డబ్బాలో వేస్తే వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లదు. ఎవరికైనా జ్వరం వస్తే కొండదేశపు బిళ్ళని గుడ్డలో చుట్టి నుదుటి మీద పెడతారు. దీవిదేశపు బిళ్ళ జేబులో ఉంటే మాత్రం మధ్యాహ్నానికి చొక్కా తడిసి ముద్దవుతుంది. దీవిదేశమంటే గంజిగారికి అందుకే కాస్త కోపం. ఆ తేమలో ఏ గంజీ నిలవదు.

బిళ్ళల్లో రెండు రకాలు. రోజూ చేతులు మారే చలామణీ బిళ్ళలో ఆ దేశంలో ఇవాళ ఎలా ఉందో అదే ఉంటుంది. అక్కడ ఎండైతే బిళ్ళ వెచ్చగా ఉంటుంది, అక్కడ వానైతే దాని మీద జానెడు ఎత్తులో చిన్న మబ్బు కడుతుంది. స్మారక బిళ్ళ అలా కాదు. ఏ రోజు గుర్తుగా దాన్ని పోశారో ఆ రోజు వాతావరణమే దాంట్లో ఎప్పటికీ ఉంటుంది. ఇసుకదేశం వాళ్ళు తమ మొదటి రైలు గుర్తుగా వేసిన బిళ్ళలోంచి ఇప్పటికీ ఆనాటి దుమ్ముగాలి కొడుతుంది. ఆ పేజీ తిప్పితే తుమ్ము ఖాయం.

ఈ సేకరణకి గంజిగారు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. డబ్బిచ్చి కొనకూడదు. ఒక అరలో ఒకే బిళ్ళ ఉండాలి, కొత్తది వస్తే పాతది మళ్ళీ దాని దేశానికి వెళ్ళి ఖర్చు కావాలి. బిళ్ళల్ని సొంత పనికి వాడుకోకూడదు, జ్వరం వచ్చినవాళ్ళకి తప్ప ఎవరికీ అరువివ్వకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, బిళ్ళని కడగకూడదు. తోమితే పైపొర పోతుంది, పోసినప్పుడు వచ్చిన మెరుపు పోతుంది, అంచు గీతలు అరుగుతాయి. కాబట్టి ఊరందరి మురికీ వదిలించే మనిషి తన బిళ్ళల మీద మురికిని మాత్రం దేవుడిచ్చిన సొమ్ములా కాపాడుతూ వచ్చారు.

ఈ నియమాలంటే వాళ్ళక్కకి ఒళ్ళు మంట. బావగారు పోయాక ఆవిడ తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. షాపు కౌంటరులో కూర్చుంటుంది, బటన్లు కుడుతుంది, బాకీలు వసూలు చేస్తుంది. నోరు మంచిదే, కాకపోతే తీరిక ఇవ్వదు.

"ఒరేయ్, నాలుగు రోజుల్నించి దుప్పట్లు ఆరడం లేదు. ఇసుకదేశపు పేజీ తెరిచి ఒక గంట పెడితే కరకరలాడిపోతాయి కదరా" అనేది వానాకాలం వచ్చినప్పుడల్లా.

"అది వాళ్ళ ఎండక్కా. మన దుప్పట్లకి వాడుకోవడం న్యాయం కాదు."

"వాళ్ళకేం తక్కువా. ఎండ ఎక్కువై చస్తున్నారు పాపం. కాస్త తగ్గించినట్టుంటుంది."

"వద్దన్నానా."

"నువ్వు బిళ్ళలు దాచట్లేదురా నాయనా, బిళ్ళలే నిన్ను దాస్తున్నాయి" అని ఆవిడ మళ్ళీ బటను కుట్టుకునేది.

కొండదేశానికి వెళ్ళే బస్సు డ్రైవరు వారానికోసారి షాపుకి వచ్చేవాడు. యూనిఫారం ఇచ్చేవాడు, ఉతికినది తీసుకెళ్ళేవాడు, మధ్యలో నాలుగు అబద్ధాలు చెప్పేవాడు. అతని మాట వింటే నవ్వొచ్చేది గానీ నమ్మకం వచ్చేది కాదు. ఘాట్ రోడ్డు మీద చిరుతపులి లిఫ్ట్ అడిగిందని ఒకసారి, బస్సు తనంతట తానే హారన్ కొట్టి తనని నిద్ర లేపిందని ఒకసారి. ఆ డ్రైవరే ఒకరోజు "గంజిగారూ, మీలాంటి పిచ్చి ఉన్న మనిషి అక్కడ కూడా ఒకావిడ ఉంది. మన దేశపు బిళ్ళలు పోగేస్తుంది" అన్నాడు.

ఇది మాత్రం నిజం. కొండదేశంలో బస్సు ఆగే చోట కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆవిడ. ఒంటరి మనిషి. అలా మొదలైంది ఇచ్చిపుచ్చుకోవడం. ఈయన ఇక్కడి బిళ్ళ ఒకటి పంపితే, ఆవిడ అక్కడి బిళ్ళ ఒకటి పంపేది. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. పరాయి ఆడమనిషి నంబరు అడగడం గంజిగారి వల్ల అయ్యే పని కాదు. డ్రైవరు నోటితోనే కబుర్లు నడిచేవి.

"మీ వైపు వడగాలి మొదలైందట కదా, నీళ్ళెక్కువ తాగమంది" అనేవాడు డ్రైవరు. ఆవిడ దగ్గరున్న ఇక్కడి బిళ్ళలో ఇక్కడి ఎండ తెలిసిపోయేది.

"వాళ్ళ వైపు మంచు పడుతోంది. మోకాళ్ళకి ఉన్ని కట్టుకోమని చెప్పు" అనేవారు గంజిగారు, తన దగ్గరున్న కొండదేశపు బిళ్ళ మీద వేలు పెట్టి చూసి.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒకరి మొహం ఒకరు చూడలేదు. కానీ ఒకరి ఎండ ఒకరికి తెలుసు, ఒకరి చలి ఒకరికి తెలుసు. పక్కపక్క గదుల్లో ఉండే మొగుడూ పెళ్ళాలకి కూడా ఈ మాత్రం తెలియని ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు డ్రైవరు ఒక బిళ్ళ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అది నల్లగా, జిడ్డుగా ఉంది.

"ఏమైంది దీనికి?" అన్నారు గంజిగారు.

"ఏమీ కాలేదు. ఇంజనులో గ్రీజు పెడుతుంటే జేబులోంచి జారి డబ్బాలో పడింది. ఆవిడ ఇచ్చిందే. ఇస్తూ ఏదో చెప్పమంది కూడా."

"ఏం చెప్పమంది?"

"అదే గుర్తు రావడం లేదు. ఏదో మంచి మాటేలెండి."

గంజిగారు బిళ్ళని వెలుగులో పెట్టి చూశారు. కొండదేశపు చలామణీ బిళ్ళ ఎంతుంటుందో అంతే ఉంది. చుట్టూ పసుపు రింగు, మధ్యలో తెల్లలోహం, దాని మీద కొండపువ్వు. పువ్వు కింద అంతా గ్రీజు గట్టిపడి ఉంది. కడగకూడదు. ఆవిడ చేతిమీదుగా వచ్చినదాన్ని భూతద్దం పెట్టి అనుమానించడం కూడా మర్యాద కాదనిపించింది. చలామణీ అరలో ఉన్న పాత బిళ్ళని తీసి డ్రైవరు చేతిలో పెట్టి, "అక్కడే ఏదైనా కొనుక్కో" అన్నారు. నల్ల బిళ్ళని ఆ అరలో పెట్టారు. పెట్టగానే దాని మీద సన్నగా ముసురు పట్టింది.

తప్పు ఎప్పుడూ తలుపు తోసుకుని రాదు. మనం పెట్టుకున్న నియమాల మీదే నడిచి, మర్యాదగా లోపలికి వస్తుంది.

నెల తిరగకుండా డ్రైవరు మామూలుగా కాక, టోపీ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. హాస్యం ఆడలేదు. దాంతో అక్క కూడా సూది పక్కన పెట్టింది.

"ఆవిడ కబురు పంపింది గంజిగారూ. ఈసారి మాట మాట గుర్తుపెట్టుకుని వచ్చాను. వాళ్ళన్నయ్య సముద్రం అవతల ఏదో దేశంలో పెద్ద షాపు పెట్టాడట. వచ్చి చూసుకోమంటున్నాడట. నెలాఖరు రోజున సామాను కోసం లారీ పంపుతాడట. అక్కడ ఇప్పుడు ముసురు, ఘాట్ రోడ్డు మీద రాళ్ళు జారుతున్నాయి. ముసురు వెలిసి దారి ఆరాక మిమ్మల్ని ఒక్కసారి రమ్మంది. ఉండమంటారో వెళ్ళమంటారో మీ నోటితోనే వినాలట."

సముద్రం అవతలి దేశం పొరుగుదేశం కాదు. అక్కడి బిళ్ళ ఆ ఊరికి ఎప్పుడూ రాలేదు, రాదు. ఆవిడ వెళ్తే ఆవిడతోపాటు ఆవిడ ఎండా చలీ కూడా వెళ్ళిపోతాయి.

"వెళ్తాను" అన్నారు గంజిగారు. "ముసురు వెలవగానే వెళ్తాను."

ఆ రోజు నుంచి ఆయన జేబులు తడమడం కంటే ముందు ఆల్బం తెరిచి చూసేవారు. నల్ల బిళ్ళ మీద ముసురు. మధ్యాహ్నం చూస్తే ముసురు. షట్టరు దించేముందు చూస్తే ముసురు.

"ఏమిటిరా ఈ వాన, రోజూ ఒక్కలాగే పడుతోంది? పెరగదు, తగ్గదు" అంది అక్క.

"కొండదేశం అంటే అదేనక్కా. అక్కడ వాన కూడా పద్ధతి తప్పదు" అన్నారాయన, కాస్త మెచ్చుకోలుగా.

పై వారం డ్రైవరు వస్తూనే, "ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? అక్కడ ఎండ పేలిపోతోంది. రోడ్డు అద్దంలా ఉంది. ఆవిడ షాపు గుమ్మంలో నిలబడి బస్సు దిగేవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూస్తోంది" అన్నాడు.

"ఎండా?"

"ఎండే."

గంజిగారు ఆల్బం తెచ్చి అతని ముందు తెరిచారు. ముసురు ప్లాస్టిక్ అర మీద టపటపా పడుతోంది. ఇంకెవరింట్లోనో ఉన్న కొండదేశపు బిళ్ళతో పోల్చి చూడడమంటే ఆవిడ బిళ్ళని అనుమానించినట్టే, అది ఆయన వల్ల కాదు.

డ్రైవరు వేలు పెట్టి చూశాడు. వేలు తడిసింది. బిళ్ళలు అబద్ధం చెప్పడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. తను చెప్పడం అందరూ ఎరుగుదురు. అతను తల గోక్కున్నాడు.

"నాకైతే ఎండలాగే అనిపించింది మరి. చొక్కా కూడా చెమట పట్టింది" అన్నాడు నెమ్మదిగా. "ఏమో. మీరు అంత గట్టిగా చూపిస్తుంటే నేను చూసింది వేరే ఎక్కడో ఏమో."

"చిరుతపులి ఎక్కిన చోటేమో" అంది అక్క.

ఉతికిన యూనిఫారం తీసుకుని, తడిసిన వేలు చూసుకుంటూ అతను వెళ్ళిపోయాడు.

"ఒరేయ్, పోనీ వానలోనే వెళ్ళరాదూ? గొడుగులు లేని దేశమా ఇది?" అంది అక్క.

"ముసురు వెలిశాక రమ్మంది. ముసురులో వెళ్తే ఆవిడ మాట మీరినట్టు. మాటంటే మాటే అక్కా."

ఆ మాట పైకి బాగానే ఉంది. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన చేతులు ఊరికే ఒక కాలరుని రెండోసారి ఇస్త్రీ చేస్తున్నాయి. భయానికి కూడా మనం ఒక్కోసారి చక్కగా గంజి పెట్టి, దానికి నియమం అని పేరు పెట్టి, తొడుక్కుని తిరుగుతాం. చూసినవాళ్ళు పెద్దమనిషి అనుకుంటారు. తొడుక్కున్నవాడికి మాత్రం మెడ దగ్గర గుచ్చుకుంటూనే ఉంటుంది.

నెలాఖరు వచ్చింది. ఆ పొద్దున గంజిగారు ఆస్పత్రి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళారు. వెళ్ళేముందు ఆల్బం చూసి, మూయడం మరిచిపోయి బల్ల మీదే వదిలేశారు. ఆయన ఏదైనా మరిచిపోవడం అక్క చూసిన మొదటిసారి అదే. పక్కనే ఇస్త్రీ చేసి పేర్చిన తెల్లచొక్కాలున్నాయి. ముసురు వాటి మీద పడి, గ్రీజు కలిసిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా మరకలు పెట్టాయి.

అక్కకి ఓపిక తెగిపోయింది. అరలోంచి బిళ్ళ ఊడబెరికింది. తొట్టి దగ్గర కూర్చుని సబ్బు రాసి, కాలర్లు తోమే బ్రష్షుతో ముందు బొమ్మ, తర్వాత బొరుసు, తర్వాత అంచు, ఇన్నేళ్ళ కసి తీరేలా తోమింది. మురికి వదిలేకొద్దీ వాన పెరిగింది. మురికి కింద అణిగి ఉన్న మబ్బు ఒక్కసారిగా విప్పుకుని గది సగానికి పరుచుకుంది. ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని మరీ తోమింది.

గంజిగారు తిరిగొచ్చేసరికి షాపులో వాన పడుతోంది. అక్క కౌంటరు వెనక గొడుగు వేసుకుని కూర్చుంది. ముందు ప్లేటులో బిళ్ళ తళతళలాడుతోంది.

ఆయన మొహంలో రక్తం లేదు. "అక్కా. కడిగావా?"

"కడిగాను. తిట్టేదేదో తర్వాత తిట్టు. ముందు ఆ పువ్వు కింద ఏముందో చదువు. నా కంటికి ఆనడం లేదు."

ఆయన బిళ్ళ తీసుకున్నారు. కొండపువ్వు కింద, ఇన్నాళ్ళూ గ్రీజు ఉన్న చోట, తీగ మీద వేలాడుతున్న చిన్న పెట్టె బొమ్మ ఉంది. దాని చుట్టూ అక్షరాలున్నాయి. పైకి చదివారు.

"మన మొదటి రోప్‌వే. పాతికేళ్ళు."

ఇంకోసారి చదివారు. కుర్చీలో కూర్చున్నారు. వాన భుజాల మీద పడుతున్నా పక్కకి జరగలేదు.

"స్మారక బిళ్ళ అక్కా ఇది. చలామణీలోకి వదిలిన స్మారక బిళ్ళ. రోప్‌వే మొదలైన రోజున వాళ్ళకి ముసురు పట్టి ఉంటుంది. ఆ ముసురు ఇది."

"అంటే ఇది ఎప్పటికీ వెలవదా?"

"వెలవదు."

"మరి అక్కడ ఇప్పుడు ఎండా, వానా?"

"తెలీదు. డ్రైవరు ఎండనే చెప్పాడు."

"చెప్పాడు. మనిద్దరం కలిసి ఆ నిజాయితీపరుణ్ణి అబద్ధాలకోరుని చేసి పంపాం" అంది అక్క. "సరే, లే. పదింటి బస్సుంది."

"షాపు?"

"నేనున్నానుగా."

"పని రోజు అక్కా. గంజి కలపాలి. సాయంత్రానికి ఇవ్వాల్సిన బట్టలు..."

అక్క గొడుగు ముడిచింది. "ఒరేయ్, పదేళ్ళ నుంచి ఈ షాపులో గంజి ఎవరు కలుపుతున్నారనుకుంటున్నావు? నువ్వు నియమాలు కలుపుతున్నావు. గంజి నేను కలుపుతున్నాను. బస్సెక్కు."

ఆయన బస్సెక్కారు. బిళ్ళని ఎక్కడ పెట్టినా వానే కాబట్టి గుప్పెట్లో బిగించి పట్టుకున్నారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, అక్క ఆల్బంలో ఇసుకదేశపు పేజీ తెరిచి దండేల కింద పెట్టింది. మధ్యాహ్నానికి షాపులో వానకి తడిసిన బట్టలన్నీ కరకరలాడాయి.

బస్సులో ఆయన ఎక్కిన వైపు కూర్చున్నవాళ్ళందరూ గొడుగులు తీశారు. స్టీరింగు ముందున్న అద్దంలోంచి డ్రైవరు వెనక్కి చూసి, వాన తుడిచే వైపరు ఒకసారి ఊరికే ఆడించాడు. గంజిగారు లేచి ముందుకి వెళ్ళారు.

"ఆ రోజు నువ్వు చెప్పింది నిజమేనయ్యా. నమ్మనందుకు ఏమనుకోకు."

"అనుకోనుగానీ, ఆ మాట మా ఆవిడ ముందు కూడా ఒకసారి అనండి" అన్నాడు డ్రైవరు, గేరు మారుస్తూ. అప్పటికి అతని మొహం విప్పారింది.

సరిహద్దు దగ్గర ఆఫీసరు ఎక్కి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, "చేతిలో ఏమిటి?" అన్నాడు.

"వాన" అన్నారు గంజిగారు.

"ఎవరిది?"

"ఈ దేశానిదే. తిరిగి తెస్తున్నాను."

ఆఫీసరు చేతి రుమాలుతో మెడ తుడుచుకుని, పక్క సీటుకి వెళ్ళిపోయాడు.

ఘాట్ రోడ్డు నిజంగానే అద్దంలా ఉంది. ఎండకి కొండలు కడిగి ఆరేసినట్టున్నాయి. దారంతా గంజిగారు ఆవిడతో చెప్పాల్సిన మాట మనసులో ఇస్త్రీ చేస్తూ వచ్చారు. ఎంత మడత పెట్టినా ఏదో ఒక మూల మిగిలిపోతోంది.

బస్సు దిగేసరికి కళ్ళజోళ్ళ షాపు ముందు లారీ ఆగి ఉంది. అద్దాల బీరువాలు రెండు అప్పటికే రోడ్డు మీదికి వచ్చాయి. మూడోదాన్ని నలుగురు మనుషులు ఎత్తుతున్నారు. ఆయన ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దగ్గరికి వెళ్ళారు. ఆయనతోపాటు వాన కూడా వెళ్ళింది. లారీ మీద, బీరువాల మీద, ఎత్తుతున్నవాళ్ళ మీద చినుకులు మొదలయ్యాయి.

"దించండి, దించండి" అన్నాడు లారీ మేస్త్రీ. "తడిస్తే చెక్క ఉబ్బుతుంది. తర్వాత తలుపులు పట్టడం లేదని మనల్నే అంటారు. అమ్మా, వానొచ్చింది. ఇప్పుడు ఎక్కించం."

లోపల్నించి ఆవిడ బయటికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకో కళ్ళజోడు. ముందు పైకి చూసింది. ఊరంతా ఎండ. రోడ్డుకి అటుపక్క టీ బల్ల దగ్గర ఎండ. తన గుమ్మం ముందు మాత్రం ముసురు. తర్వాత కళ్ళు దించి, ఆ ముసురు మధ్యలో కర్రలా నిలబడ్డ మనిషిని చూసింది. తడిసిన చొక్కాలోంచి గంజి తెల్లగా, పాలలాగా, చేతుల మీదుగా కారుతోంది.

"గంజిగారా?" అంది.

ఆయన తల ఊపారు.

"చెయ్యి తెరవండి."

తెరిచారు. ఆవిడ నెత్తి మీది కళ్ళజోడు దించి, ముక్కు మీది కళ్ళజోడు మీద పెట్టి, బిళ్ళ మీదికి వంగింది. మొహం ఒక్కసారిగా మారిపోయింది.

"దీన్ని కడిగారా?"

"నేను కాదు. మా అక్క."

"సబ్బుతోనా?"

"సబ్బు, బ్రష్షు. కాలర్లు తోమే బ్రష్షు."

ఆవిడ చావు కబురు విన్నట్టు కళ్ళు మూసుకుంది. "పోసినప్పటి మెరుపు ఇంక రాదు. మీకు తెలుసు కదా."

"తెలుసు. నేనైతే ప్రాణం పోయినా కడిగేవాణ్ణి కాదు. కడక్కుండానే కూర్చున్నాను. మీ వైపు ఇంకా ముసురు వెలవలేదని చూస్తూ కూర్చున్నాను."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "చలామణీ బిళ్ళల్లో పెట్టారా దీన్ని? వాటితో కలపొద్దని చెప్పమన్నానే. ఇది మొదటిరోజు రోప్‌వే ఎక్కినవాళ్ళ కోసం ప్రత్యేకంగా దాచినవాటిలోది. నేనూ ఎక్కాను ఆ రోజు, ముసురులో."

"అతను మర్చిపోయాడు. నేను గుచ్చి అడగలేదు. తప్పు నాది."

"మీ వైపు ఎండగానే ఉంది" అంది ఆవిడ. "రోజూ చూశాను. బస్సులు తిరుగుతున్నాయి, ఎండ కాస్తోంది, ఈయన రాడు. మనసు లేదేమో అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకున్నారేమో అనుకున్నాను."

"మనసు లేక కాదు."

"అయితే చెప్పండి. ఉండమంటారా, వెళ్ళమంటారా?"

లారీ మనుషులు బీరువా పక్కన నిలబడి వింటున్నారు. డ్రైవరు బస్సు కిటికీలోంచి తల బయట పెట్టాడు. దారంతా ఇస్త్రీ చేసిన మాట గంజిగారికి ఒక్క ముక్క గుర్తురాలేదు.

"బట్టలు ఏ దేశంలోనైనా మాస్తాయి" అన్నారు.

"అంటే?"

"మీరు వెళ్ళొద్దు. నన్ను రమ్మనండి. అక్కడి షాపు మా అక్క చూసుకుంటుంది. ఇన్నాళ్ళూ చూసుకుంటున్నది ఆవిడేనట, నాకు పొద్దున్నే తెలిసింది. మీ షాపు పక్కన ఒక గది దొరికితే బాయిలరు పెట్టుకుంటాను."

"పక్కగది ఖాళీగానే ఉంది" అంది ఆవిడ. "పైకప్పు కారుతుంది."

"కారితే బాగుచేస్తాను."

"నేను పొద్దున్న ఆలస్యంగా లేస్తాను."

గంజిగారు ఒక్క క్షణం తటపటాయించారు. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు. "అలవాటు చేసుకుంటాను" అన్నారు.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే పై కళ్ళజోడు జారి కింద పడబోతే ఆయన పట్టుకున్నారు. లారీ మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఎక్కించాలా, లోపల పెట్టాలా? ఒక మాటనేస్తే మా పని మేం చూసుకుంటాం."

"లోపల పెట్టండి" అంది ఆవిడ. అక్కడే ఫోను తీసి వాళ్ళన్నయ్యతో మాట్లాడింది. "అన్నయ్యా, లారీ ఖాళీగా వస్తుంది. కోప్పడకు. లేదు, ఒంట్లో బాగానే ఉంది. బ్రహ్మాండంగా ఉంది. పెళ్ళికి నువ్వే రావాలి."

బీరువాలు లోపలికి వెళ్ళాక ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి ఆ బిళ్ళ సంగతి మాట్లాడుకున్నారు. కడిగిన బిళ్ళకి ఏ ఆల్బంలోనూ చోటుండకూడదన్న దగ్గర ఇద్దరికీ ఒకే మాట. ఆయన నియమం అదే, ఆవిడ నియమం అదే. పారేయడం పాపం. ఇంక దాంతో చేయగలిగిన పని ఒక్కటే కనిపించింది.

రోడ్డు దాటి టీ బల్ల దగ్గరికి వెళ్ళారు. గంజిగారు బిళ్ళని బల్ల మీద పెట్టారు. "రెండు టీలు."

టీ అతను బిళ్ళని తీసుకుని, నీళ్ళు కారేలా ఒకసారి విదిలించి, చిల్లర డబ్బాలో వేశాడు. డబ్బాలోంచి సన్నగా ముసురు లేచింది. అతను కప్పుల మీద మూతలు పెట్టి ఇచ్చాడు. ఆ పూట అక్కడ టీ తాగినవాళ్ళందరూ కొంచెం కొంచెం తడిశారు. మర్నాడు ఎవరికో ఇచ్చిన చిల్లరలో ఆ బిళ్ళ ఊరి మీదికి వెళ్ళిపోయింది.